ఏడుపు వినే చెవి

పిల్లాడు ఏడుస్తుంటే ఎత్తుకోకుండా ఫోన్ వంక చూసే తల్లిని వరహాలమ్మ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఇప్పుడు చూడాల్సి వచ్చింది, అదీ కన్న కూతుర్నే.

"ఏటే హైమా, గుంటడు గుక్కపెట్టి ఏడుస్తుంటే ఆ ఫోన్లో ఏటి చూత్తన్నావు?"

"ఒక్క నిమిషం అమ్మా. చెవి ఏం చెబుతుందో చూడనీ."

"నీ చెవి మండిపోను! ఆకలేస్తంది ఆడికి. అది చెప్పడానికి మిషనెందుకు, నాను చాలనూ?"

ఫోన్లోనూ అదే వచ్చింది: ఆకలి. హైమ నవ్వుతూ నీలాద్రిని ఎత్తుకుంది. వరహాలమ్మ పాలసీసా నోటికి అందించగానే వాడు ఏడుపు మింగేసి, రెండు చేతులతో సీసా పట్టేసుకుని, అంతసేపూ ఎవరి మీదో కోపం ఉన్నట్టు గటగటా తాగాడు.

ఉయ్యాల గొలుసుకి వేలాడుతున్న చింతగింజంత నల్లబిళ్ళే ఆ చెవి. విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా గుట్ట మీదున్న పరిశోధనాలయంలో హైమ, ఆవిడ బృందం ఏళ్ళ తరబడి కష్టపడి దాన్ని తయారుచేశారు. పసిపిల్ల ఏడుపు విని అది ఆకలా, నొప్పా, భయమా, ఉత్త పేచీయా తేల్చేస్తుంది. ఊళ్ళోని ప్రసూతి ఆసుపత్రుల్లో, అంగన్‌వాడీల్లో వేలమంది పిల్లల ఏడుపులు పట్టుకొచ్చి దానికి నేర్పారు. హైమ భర్త త్రినాథ్ ఓడలో ఇంజనీరు, ఏడాదిలో సగం నీళ్ళ మీదే ఉంటాడు. కొడుకు తొలి ఏడుపుని చెవికి వినిపించాకే భర్తకు ఫోన్ చేసిందని వరహాలమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

పరిశోధనాలయం పెద్ద దీక్షితులుగారు మైకు పట్టుకున్నారంటే "ఏడుపుకి భాష లేదు" అని తీరాల్సిందే. ఆ మాట ఎక్కడ అన్నా చప్పట్లు పడేవి. హైమ కూడా కొట్టేది. ఎంత చక్కటి మాట! అబద్ధమని ఎవరికి తోస్తుంది?

ఆ చెవికి పని పడింది యుద్ధంలో. దేశం పేరు చెప్పను. చెబితే ఒకాయన మీసం మెలేస్తాడు, ఇంకొకాయన జెండా తీస్తాడు, పిల్లల సంగతి మూలన పడుతుంది. రెండు పక్షాలు ఒక లోయ కోసం కొట్టుకుంటున్నాయి, లోయ నిండా శిబిరాలు, శిబిరాల నిండా పిల్లలు. లారీలో తిండి పంపితే అవతలివాడికి పోతోందని ఇవతలివాడు తగలెట్టాడు. ఇవతలివాడికి పోతోందని అవతలివాడు తగలెట్టాడు. చివరికి ఇద్దరూ కలిసి ఒకే ఒక్క సంగతికి ఒప్పుకున్నారు. మనిషి లేని చిన్న విమానాలు తిండి తేవచ్చు. అయితే అవి ఎక్కడ దిగాలో ఏ మనిషీ నిర్ణయించకూడదు. పిల్లలు ఆకలితో ఏడ్చిన చోట దిగాలి, అంతే. ఎవరి చెయ్యయినా పడినట్టు తెలిస్తే మర్నాటి నుంచి లోయ మొత్తానికి ఆకాశం మూసేస్తారు.

అలా శిబిరానికొకటి చొప్పున చెవులు గుడారాల గుంజలకి ఎక్కాయి. ఒక పసిపిల్ల ఆకలితో తెరిపి లేకుండా ఏడిస్తే ఆ సాయంత్రం ఒక విమానం గంజిపిండి, పాలపొడి, నూనె, పప్పు మూటకట్టి తెచ్చి దించిపోయేది. మొదట్లో ఒక సైనికాధికారి లౌడ్‌స్పీకర్లో పిల్లల ఏడుపు వేసి మూటలు తన బ్యారక్‌ల్లో దించుకున్నాడు. హైమ పళ్ళు కొరుక్కుని, రికార్డు చేసిన ఏడుపుకీ అసలు ఏడుపుకీ తేడా పట్టడం చెవికి నేర్పింది. బతికున్న పిల్ల ఊపిరి ఏ రెండుసార్లూ ఒకలా ఉండదు, దాన్ని పట్టుకుంది. ఆ తర్వాత చెవిని ఎవరూ మోసం చెయ్యలేకపోయారు. ఆ గర్వం ఆవిడకి చాలానే ఉండేది.

*

పైడితల్లి బొబ్బిలి దగ్గరి మనిషి. సహాయ సంస్థ తరఫున నర్సుగా వెళ్ళి ఆ లోయలోనే ఉండిపోయింది. ఆవిడుండే చోట రాళ్ళు తప్ప ఏమీ లేకపోవడంతో దాన్ని రాళ్ళ శిబిరం అనేది. ఒక మధ్యాహ్నం పరిశోధనాలయానికి ఫోన్ చేసి గయ్యిమంది.

"మేడమ్, మీ చెవికి గాని చెవుడొచ్చిందేటి? మూట దిగి ఎన్నాళ్ళయిపోనాదో తెల్సా?"

హైమ కంగారుగా బీరువా తెరిచింది. లోయలో ఉన్న ప్రతి చెవికీ పరిశోధనాలయంలో ఒక జోడు ఉంటుంది. అక్కడిది పాడయితే ఇక్కడ సరిచూసుకోవడానికి. రెండింటికీ గుర్తింపు ఒకటే, ఏది విన్నా ఆ శిబిరం విన్నట్టే లెక్క. రాళ్ళ శిబిరం జోడుని బల్ల మీద పెట్టి చూసింది. శిబిరంలోని చెవి పంపుతున్నదాన్ని దాంతో సరిచూస్తే, అక్కడి చెవి శుభ్రంగా పనిచేస్తోంది. గాలి వింటోంది, దగ్గు వింటోంది, మేక అరుపు వింటోంది.

"చెవి బాగానే ఉంది పైడితల్లిగారూ. మీ శిబిరంలో పిల్లలెవరూ ఏడవట్లేదు. ఆకలి లేదని చూపిస్తోంది."

"ఆకలి నేదా!" ఆవిడ గొంతు పగిలింది. "ఉండండి, వీడియో ఎడతాను. మీ కళ్ళతో మీరే సూడండి."

రాళ్ళ మీద పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. పెద్దవాళ్ళ ఒళ్ళో పసివాళ్ళు. డొక్కలు లెక్కపెట్టొచ్చు. ఒక్కరి నోట్లోంచీ కిక్కురుమనే చప్పుడు లేదు. పైడితల్లి ఒక పసిదాన్ని తొడ మీద గట్టిగా గిల్లింది. హైమ "అయ్యో" అంది. పసిదాని నోరు తెరుచుకుంది, మొహం ఎర్రబడింది, చప్పుడు మాత్రం రాలేదు. ఎత్తుకున్న తల్లి వేరే ఎటో చూస్తూనే అరచెయ్యి తెచ్చి ఆ నోటి మీద పెట్టింది.

"సూసేరా? ఈళ్ళందరూ చాన్నాళ్ళు కొండగుహల్లో దాక్కున్నోరు మేడమ్. కింద పటాలం తిరుగుతుంటే ఒక్క గుంట ఏడిసినా అందరూ పోయినట్టే. ఏడిసిన పిల్లని తల్లితో సహా బైటికి తోసీసేవోరంట. మరి ఏటి చేత్తారు? ఆ ఏడుపు ఆ గుహల్లోనే చచ్చిపోనాది."

వేలమంది పిల్లల ఏడుపులు పట్టుకొచ్చాం అనుకుంది హైమ. అందరూ ఏడిస్తే ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చే పిల్లలే! వచ్చేవాళ్ళు ఉన్నారు కాబట్టే ఏడ్చారు. ఈ మాత్రం సంగతి ఇంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరికి, ముఖ్యంగా పిల్లాడి తల్లినైన తనకి, ఎందుకు తట్టలేదు? చెంప పగలగొట్టుకోవాలనిపించింది.

*

దీక్షితులుగారు అంతా విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు.

"మౌనాన్ని ఏ చెవి వింటుందమ్మా? కడుపు నిండినవాడికీ మౌనమే, చచ్చినవాడికీ మౌనమే."

"నేర్పించొచ్చు సార్. ఊపిరి విని చెప్పొచ్చు. నాకు కొంచెం టైమివ్వండి."

"నేనెవర్నమ్మా ఇవ్వడానికి? చెవిలో ఒక్క వెంట్రుక కదపాలన్నా రెండు పక్షాలూ కూర్చుని సంతకం పెట్టాలి. వానలు వెలిసాక కూర్చుంటారట. ఈలోగా మనం వేలు పెట్టామని తెలిస్తే లోయ మొత్తం ఎండిపోతుంది."

"అంతవరకు రాళ్ళ శిబిరం?"

"మిగతా శిబిరాల్లో ఏడుస్తున్నారు కదమ్మా. వాళ్ళకి వెళ్తోందిగా."

"ఏడవగలిగినవాళ్ళకి," అంది హైమ.

ఆయన మంచివాడే. మంచివాడు కాబట్టే కిటికీలోంచి సముద్రం వైపు చూశారు.

పైడితల్లి మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి అరవలేదు, దానికే హైమకి ఎక్కువ భయం వేసింది. ముందురోజు ఒక పిల్ల పోయిందట. ఎప్పుడు పోయిందో తల్లికే తెలియలేదట, ఒళ్ళోనే ఉందిగదా అనుకుందట.

"ఏటిగట్టు శిబిరం నయం మేడమ్. ఆళ్ళు మా బాగా తెలివి మీరిపోనారు. మూట దిగినదాకా ఉన్న గంజి కూడా పిల్లలకి పట్టరు. కడుపు కాలి ఏడిస్తేనే గదా విమానం వచ్చేది. పాపమని తెల్సు, మరి ఏటి చేత్తారు చెప్పండి?"

ఫోన్ పెట్టేశాక హైమ చాలాసేపు బీరువా ముందు నిలబడింది. రాళ్ళ శిబిరం జోడు చెవిని తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. దొంగతనమంటే దొంగతనమే.

*

ఇంటికెళ్ళి, పాత చెవి తీసేసి ఆ జోడుని ఉయ్యాలకి కట్టింది. నీలాద్రికి పాలవేళ అయింది. వాడు ముందు మూలిగాడు, తర్వాత పేచీ పెట్టాడు, తర్వాత ఎత్తుకున్నాడు రాగం. హైమ కదల్లేదు. వరహాలమ్మ పాలసీసా పట్టుకొస్తే గుమ్మంలోనే అడ్డం నిలబడింది.

"అమ్మా, ఇప్పుడే వద్దు."

"ఏటి వద్దు? మతుండే మాట్లాడతన్నావా? తప్పుకో!"

"కొంచెంసేపు ఏడవనీ అమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

వరహాలమ్మ తిట్టని తిట్టు లేదు. చదువు ముదిరి పిచ్చెక్కిందంది, అల్లుడికి ఫోన్ చేస్తానంది, ఇంత పాషాణాన్ని కడుపున మోశానా అని నెత్తి కొట్టుకుంది. పిల్లాడు ఎర్రబడి, చెమటపట్టి, గొంతు జీరపోయేలా ఏడ్చాడు. ఫోన్లో 'ఆకలి' అని వచ్చింది. ఆ కింద 'విమానం బయల్దేరింది' అని వచ్చింది. అప్పుడు హైమ పరుగెత్తి వాణ్ణి ఎత్తుకుని, సీసా నోట్లో పెట్టి, వాడికంటే పెద్దగా ఏడ్చింది.

మర్నాడు పైడితల్లి గొంతు గణగణలాడింది. "దిగింది మేడమ్, మూట దిగింది! ఎవరు ఏడిసేరో ఏటో, మాకు తెలవనేదు గాని, ఆ తల్లి కడుపు చల్లగుండ!"

హైమ ఆవిడకి నిజం చెప్పేసింది. "ఎన్ని నెల్లు బాబుకి?" అని మాత్రం అడిగింది పైడితల్లి.

తల్లికీ చెప్పాల్సి వచ్చింది. చెప్పి, రాళ్ళ మీద కూర్చున్న పిల్లల వీడియో చూపించింది. వరహాలమ్మ ఫోన్ దూరంగా పెట్టుకుని, దగ్గరగా పెట్టుకుని చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆళ్ళూ పిల్లలే. కాదన్నానా? కాని ఈడు నీ పిల్లడే."

"మనవాడికి కాస్త ఆలస్యమవుతుంది, అంతే. వాళ్ళకి అసలు లేదు."

మర్నాడు సాయంత్రం పాలవేళకి హైమ ఉయ్యాల దగ్గరికి వెళ్ళబోతే వరహాలమ్మ రెక్క పట్టుకుని ఆపింది.

"నువ్వు ఎల్లి వీధిలో కూకో. ఆపేదేదో నాను ఆపుతాను. తల్లివి, నీ చేత్తో వద్దు. ఉసురు తగిలితే ముసిల్దానికి తగల్నీ."

అలా సాగింది. సాయంత్రమయ్యేసరికి వరహాలమ్మ పాలు కలిపి, సీసా కొంగులో దాచుకుని, మనవడి కళ్ళబడకుండా తలుపు వెనకాల నిలబడేది. హైమ మెట్ల మీద కూర్చుని చెవులు మూసుకునేది. లోకంలో ఎక్కడా లేని చెవిని కనిపెట్టిన మనిషి! రాళ్ళ శిబిరానికి రోజూ మూట దిగుతోంది. గిల్లించుకున్న పసిదాని బుగ్గలు కాస్త నిండాయని పైడితల్లి వీడియో పంపింది. ఆ వీడియోని హైమ ఎన్నిసార్లు చూసుకుందో లెక్కలేదు. తన తప్పుకి అదే మందు.

ఒకరోజు దీక్షితులుగారు ఆవిడ బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"రాళ్ళ శిబిరం ఏడుపు నేర్చుకుందట. సంతోషం. ఏటిగట్టు శిబిరానికి మూటలు తగ్గాయమ్మా. ఉన్న విమానాలు అవే కదా." ఆయన చూపు బీరువా మీదికి వెళ్ళి తిరిగొచ్చింది. "నేనేమీ అడగను. నువ్వూ ఏమీ చెప్పకు."

ఒకచోట అతికితే ఇంకోచోట చిరుగుతోంది. అయినా ఏటిగట్టు పిల్లలకి గొంతైనా ఉంది అనుకుంది హైమ. అలా అనుకోగలిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

వానలు వెలిశాయి. సమావేశం వాయిదా పడింది. ఎవరి కుర్చీ ఎవరికి ఎదురుగా వెయ్యాలో తేలలేదట.

*

పక్కింటి సత్యవేణి నీలాద్రిని ఎత్తుకుని ముద్దులాడింది. "ఈమధ్య మీ మనవడు భలే బుద్ధిమంతుడైపోయాడండీ వరహాలమ్మగారూ! ఇదివరకు గోడ అదిరిపోయేది. ఇప్పుడు ఇంట్లో పిల్లాడున్నట్టే తెలీట్లేదు."

వరహాలమ్మ నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

ఆ సాయంత్రం సీసా కొంగులో పెట్టుకుని తలుపు వెనకాల నిలబడింది. ఎంతకీ చప్పుడు లేదు. మెట్ల మీద నుంచి హైమ లేచొచ్చింది. నీలాద్రి ఉయ్యాలలో మేలుకునే ఉన్నాడు. గొలుసు వంక చూస్తున్నాడు. కాసేపు పిడికిలి చీకాడు, తర్వాత అదీ మానేశాడు. ఫోన్లో 'ఆకలి లేదు' అని వచ్చింది.

"ఇందాక అరటిపండు గాని పెట్టావా అమ్మా?"

"నేదే. పొద్దున్నించి ఆడు సరిగ్గా ఏదీ తిన్నేదు."

హైమ సీసా లాక్కుని వాడి నోటికి అందించింది. వాడు దాని మీద పడిపోయాడు. ఊపిరి తీసుకోవడం కూడా మర్చిపోయి, పొలమారి, దగ్గి, మళ్ళీ పట్టుకుని చివరి చుక్కదాకా తాగేశాడు. ఫోన్లో మాత్రం 'ఆకలి లేదు' అనే ఉంది.

ఆ పూట విమానం వేరేచోటికి ఎగిరింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడు టీకా వేయించడానికి ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళారు. వరసలో ఉన్న పిల్లలంతా సూది చూసి ఏడుపులు అందుకున్నారు. నీలాద్రి తొడలోకి సూది దిగింది. వాడి నోరు తెరుచుకుంది, మొహం ఎర్రబడింది. ఎవరి వంకా చూడకుండా నోరు మూసేసుకున్నాడు.

"అబ్బో, ఎంత ధైర్యవంతుడో!" అంది టీకా వేసినావిడ.

వరహాలమ్మ ఆరోగ్య కేంద్రం అరుగు మీద కూలబడి గుండెలు బాదుకుంది. నాను సంపేసేను, నా సేతుల్తో నాను సంపేసేను అని గోలపెట్టింది. బతికున్న పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఏంటా మాటలని జనం తిట్టారు.

ఇంటికొచ్చి హైమ చెయ్యని పని లేదు. చెవిని గొలుసునుంచి పీకేసింది. సెలవు పెట్టేసింది. వాణ్ణి చంకలోంచి దించకుండా తిప్పింది. అడక్కముందే పాలు పట్టింది. "ఏడవరా నాన్నా, ఒక్కసారి ఏడవరా" అని బతిమాలింది. గిల్లింది కూడా, గిల్లి తన చేతిని తానే కొరుక్కుంది. వాడు నవ్వితే నవ్వుతున్నాడు, పాకితే పాకుతున్నాడు. ఏడుపొక్కటే లేదు. డాక్టరు గొంతు చూసి ఏ లోపం లేదన్నాడు.

పైడితల్లి ఫోన్ చేసింది. హైమకి తీయడానికి మొహం చెల్లలేదు. రెండోసారి మోగితే తీసింది.

"మేడమ్, మూట రాట్లేదు. నాను అందుకు చెయ్యనేదు. బాబెలాగున్నాడు? మీ బాబు సంగతి ఇక్కడ తల్లులకి సెప్పేసేను. ఆళ్ళకి ఓసారి సూడాలని ఉందంట."

ఫోన్ తెర నిండా ఎండిపోయిన మొహాలు మూగాయి. ముందు వరసలో ఆ రోజు అరచెయ్యి అడ్డుపెట్టిన తల్లి ఉంది. హైమ నీలాద్రిని తెర ముందుకి ఎత్తిపట్టుకుంది. ఆ ఊపులో వాడి తల గుమ్మం అంచుకి ఠంగున కొట్టుకుంది. "అయ్యో నాయనా!" అంది వరహాలమ్మ. వాడి నోరు తెరుచుకుంది. మూసుకుంది.

అక్కడి తల్లులు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ముందున్నావిడ తెర దగ్గరికి వంగి తన భాషలో ఏదో మెల్లగా అడిగింది.

"ఏమంటోంది?" అంది హైమ.

"మరేం నేదు మేడమ్... మీ ఊరికీ యుద్ధం వచ్చిందా అని అడుగుతంది."

వెనకనుంచి వరహాలమ్మ అందుకుంది.

"వచ్చిందని చెప్పు."

తెర ఆరిపోయాక ఇద్దరూ ఆ గుమ్మంలోనే, ఎవరి ఏడుపు వాళ్ళు ఏడుస్తూ చాలాసేపు కూర్చున్నారు. నీలాద్రి ఇద్దరి మధ్యా బుద్ధిగా కూర్చుని ఒకసారి తల్లిని, ఒకసారి అమ్మమ్మని చూశాడు. వాడికి పాలవేళ ఎప్పుడో దాటిపోయింది. వాడు ఏడవలేదు కాబట్టి ఆ సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.